తెగిన నాడికి పట్టుపోగు

అనంతపురం పీఠభూమి పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది కరువు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య రుతుపవనాల జల్లులు తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. అందువలన ఈ నేలకు సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది. అది కూడా అదనుకు కురవదు. వేరుసెనగ విత్తి ఆకాశంవైపు చూడడం ఇక్కడి రైతుకు ఏటేటా తప్పని పని. ఇటువంటి నేలపై పట్టువంటి సుకుమారమైన వస్తువు పుడుతున్నదంటే వింతగా తోచవచ్చు. కాని హిందూపురం, మడకశిర ప్రాంతాలు పూర్వపు మైసూరు సంస్థానానికి పొరుగున ఉండడంతో అక్కడి పట్టుపరిశ్రమ ఎల్లలు దాటి ఇటు వచ్చింది. మల్బరీ ఒకసారి వేరూనితే పదేళ్ళకు పైగా నిలిచే మొక్క. బోరుబావిలో ఉన్న కాస్త నీటినీ బిందుసేద్యంతో పొదుపుగా వాడి, ఆకు కోసి, పురుగులను పెంచి, ఏడాదిలో అనేక పర్యాయాలు గూళ్ళు తీయగల రైతులు ఈ ప్రాంతంలో ఉన్నారు. హిందూపురంలో పట్టుగూళ్ళ విపణి, దాని చేరువన కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధన సంస్థ, ఉత్తరాన ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు ఉండడానికి కారణమిదే. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ ఊళ్ళన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి.

పట్టుపోగుకు చీరలోనే కాక మానవశరీరంలోనూ పని ఉన్నదని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. గాయాలను కుట్టడానికి పట్టుదారాన్ని శతాబ్దాలుగా వాడుతున్నారు. గత కొన్ని దశాబ్దాలుగా మాత్రం శాస్త్రజ్ఞులు దానికి అంతకంటె సూక్ష్మమైన పని అప్పగించి చూస్తున్నారు. అది తెగిపోయిన నాడి తిరిగి పెరగడానికి తోవ చూపే పని.

నాడి తెగడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే చేతులతో బ్రతికే మనిషిని తలచుకోవాలి. నేతపనివాడు పడుగులో తెగిన పోగును కంటితో కంటె ముందు వేలికొసతో గుర్తిస్తాడు. కొడవలి జారినా, అద్దం పెంకు గుచ్చుకొన్నా, యంత్రంలో చేయి చిక్కుకొన్నా మణికట్టువద్ద చర్మం క్రిందనే ఉండే నాడి తెగిపోవచ్చు. గాయం పదిరోజులలో మానుతుంది. చర్మంపై గీతవంటి మచ్చ మాత్రమే మిగులుతుంది. కాని బొటనవ్రేలు, చూపుడువ్రేలు స్పర్శను కోల్పోతాయి. వేడి గిన్నెను పట్టుకొన్నా తెలియదు, పోగును పట్టుకొన్నా తెలియదు. బొటనవ్రేలి మొదట ఉండే కండ క్రమంగా కరగిపోతుంది. చూసేవారికి చేయి బాగానే కనబడుతుంది. పని మాత్రం సాగదు. మోటారు సైకిలుపై నుండి పడి మెడకూ భుజానికీ నడుమ నాడులు తెగిన యువకుల స్థితి మరింత దయనీయం. వారికి మొత్తం చేయి వ్రేలాడిపోతుంది.

సామాన్యంగా ‘నరం’ అని పిలిచే ఈ నాడి ఒక్క తీగ కాదు. వేలకొద్దీ సన్నని తంతువులను కట్టలుగా పేర్చి, పైన తొడుగు తొడిగినట్లు ఉంటుంది. ప్రతి తంతువూ ఒక నాడీకణం చాచిన చేయి. దానిని తంత్రికాక్షమంటారు. కణం వెన్నుపాములోనో, దాని ప్రక్కనో ఉంటుంది. తంతువు మాత్రం వేలికొసదాకా, కాలి బొటనవ్రేలిదాకా సాగుతుంది. కొన్నింటి పొడవు దాదాపు ఒక మీటరు. వీటి చుట్టూ ష్వాన్ కణాలనే పోషకకణాలు చుట్టుకొని ఉంటాయి. తంతువు తెగితే, కణం నుండి వేరుపడిన భాగం బ్రతకదు. ఈ సంగతిని ఆగస్టస్ వాలర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1850లో కప్ప నాలుకలోని నాడులను కోసి పరిశీలించి వెల్లడించాడు. తెగిన భాగం శిథిలమవుతుంది. ష్వాన్ కణాలు ఆ శిథిలాలను తొలగించి, వరుసలుగా బారులు తీరి కొత్త తంతువు రాకకోసం నిలుస్తాయి.

తెగకుండా మిగిలిన మొదలు నుండి తంతువు మళ్ళీ మొలకెత్తుతుంది. ఆ మొలక కొసన చేతివ్రేళ్ళవలె కదిలే భాగం ఒకటి ఉంటుంది. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రమోన్ ఇ కహాల్ 1890లో కోడిపిండంలో దీనిని గుర్తించి ‘వృద్ధిశంకువు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ కొస అటూ ఇటూ తడుముతూ, ఆధారం దొరికిన వైపు సాగుతుంది. దాని నడక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఈ ఒక్క అంకెలోనే నాడీచికిత్సలోని కష్టమంతా ఇమిడి ఉన్నది. మణికట్టు నుండి వేలికొసకు పదిహేను, ఇరవై సెంటీమీటర్లు ఉంటుందనుకొంటే తంతువు అక్కడికి చేరడానికి ఆరునెలలు పడుతుంది. మోచేతికి పైన తెగినట్లయితే అరచేతి కండరాలను చేరడానికి ఏడాదికి మించిన కాలం కావాలి. ఇంతకాలం నాడి అందని కండరం ఊరకుండదు. నెలనెలా క్షీణిస్తుంది. ఏడాది, ఏడాదిన్నర దాటిన తరువాత నాడి వచ్చి తలుపు తట్టినా పలికే కండ మిగలకపోవచ్చు. కనుక తోవలో నష్టపోయే ప్రతి వారమూ లెక్కకు వస్తుంది. తంతువు తోవ తప్పి మచ్చకణజాలంలో చిక్కుకొంటే అక్కడే ముడివడి, తాకితే ప్రాణం పోయేటంత నొప్పి కలిగించే గడ్డ అవుతుంది.

నేతవారి పనిలో దీనికి దగ్గరి పోలిక ఒకటి ఉన్నది. మగ్గంపై పాత పడుగు ముగిసినప్పుడు దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. వేలాది పోగులను ఓపికతో వ్రేళ్ళనడుమ నలిపి జతచేస్తారు. ఏ పోగు దేనికి చేరాలో ఆ చేతికి తెలుసు. శస్త్రవైద్యునికి ఆ వీలు లేదు. నాడిలోని తంతువులు వెంట్రుక కంటె ఎన్నోరెట్లు సన్ననివి. సూక్ష్మదర్శినిలో చూస్తూ అతడు పై తొడుగును మాత్రమే, కంటికి ఆననంత సన్నని దారంతో కుడతాడు. లోపలి తంతువులు తమ జతను తామే వెదకుకోవాలి. గాయం శుభ్రంగా ఉండి రెండు కొసలూ దగ్గరగా ఉంటే ఈ కుట్టు చాలావరకు ఫలిస్తుంది. కాని యంత్రంలో నలిగిన చోట చెడిన భాగాన్ని కోసివేయవలసి వస్తుంది. అప్పుడు నడుమ ఖాళీ ఏర్పడుతుంది. బలవంతంగా లాగి కుడితే రక్తప్రసారం తగ్గి నాడి మరింత చెడుతుంది.

ఆ ఖాళీని పూరించడానికి నేటికీ ఉత్తమంగా భావించే పద్ధతి రోగి శరీరం నుండే మరొక నాడిని తీసి అతకడం. సాధారణంగా పిక్క వెనుకనుండి పాదపు అంచుకు స్పర్శను అందించే నాడిని తీస్తారు. చేయికోసం కాలిని కొంత బలి పెట్టడమన్నమాట. పాదపు వెలుపలి అంచు మొద్దుబారుతుంది. పాదరక్షలు లేకుండా ముళ్ళలో, రాళ్ళలో నడిచే సేద్యగానికి అది స్వల్పమైన నష్టం కాదు. పైగా తీయదగిన నాడి పొడవుకు పరిమితి ఉన్నది. ఒకేసారి అనేక నాడులు తెగినవారికి అది చాలదు. అందుకని రెండు కొసలనూ ఒక సన్నని గొట్టంలోకి చొప్పించి, మధ్యలో నాడి పెరిగేందుకు వీలు కల్పించే ఉపాయం వచ్చింది. ఎముకతో, రబ్బరువంటి సిలికోనుతో, కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో గొట్టాలు చేసి చూశారు. చిన్న అంతరాలకు ఇవి పనికివచ్చాయి. మూడు సెంటీమీటర్లు దాటేసరికి ఖాళీ గొట్టం నమ్మదగినది కాదని తేలింది. కారణం సులభంగానే అర్థమవుతుంది. గొట్టంలో మొదట ద్రవం నిండి, దానినుండి సన్నని జాలువంటి వంతెన ఏర్పడుతుంది. ష్వాన్ కణాలు దానిని పట్టుకొని ముందుకు ప్రాకుతాయి. దూరం ఎక్కువైతే ఆ వంతెన సన్నగిల్లి తెగుతుంది. పైకప్పు, గోడలు ఉన్నా లోపల తోవ లేకపోయినట్లే.

లోపల తోవగా పట్టుపోగులను పరచాలన్న ఆలోచన ఇక్కడనే ప్రవేశించింది.

మల్బరీ పట్టుపురుగు ఇరవై అయిదు రోజులకు అటూ ఇటుగా ఆకు తిని, నాలుగు పర్యాయాలు చర్మం విడుస్తుంది. ఆ నిశ్చలదశను రైతులు జ్వరమంటారు. నాలుగు జ్వరాలూ గడిచి పండిన పురుగును చంద్రికపై వదిలితే రెండు మూడు రోజులలో తన చుట్టూ గూడు అల్లుకొంటుంది. మంచి గూటిలోని దారం తెగకుండా వస్తే కిలోమీటరు పొడవు ఉంటుంది. పురుగు తలలోని రంధ్రం నుండి వెలువడేటప్పుడే అది రెండు పోగులు. వాటిని ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తు నిర్మిస్తుంది. ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే జిగురు సెరిసిన్. పట్టుదారపు బరువులో సుమారు నాలుగోవంతు ఈ జిగురే.

ధర్మవరంలో పట్టుకు రంగు అద్దేవారు ముందుగా చేసే పని ఈ జిగురును పోగొట్టడం. సబ్బు, సోడా కలిపిన నీటిలో దారపు చిలపలను ఉడికిస్తారు. గరుకుగా, మసకగా ఉన్న దారం జిగురు వదలిన తరువాత మెత్తబడి నిగనిగలాడుతుంది, రంగు పట్టుతుంది. బరువు మాత్రం తగ్గుతుంది. ప్రయోగశాలలో పట్టును వైద్యానికి సిద్ధం చేసేవారు మొదట చేసేది కూడా ఇదే. సోడానీటిలో గూళ్ళను అరగంటపాటు మరిగించి పలుమార్లు కడుగుతారు. ఇక్కడ ఉద్దేశం మెరుపు కాదు. పూర్వం కుట్లకు వాడిన పట్టుదారం కొందరు రోగులలో వాపును, ప్రతికూల చర్యను కలిగించేది. జిగురుతో కూడిన దారాన్నే శరీరరక్షణ వ్యవస్థ పరాయి వస్తువుగా ఎదిరిస్తున్నదనీ, జిగురు తీసిన ఫైబ్రాయిన్‌ను చాలావరకు సహిస్తున్నదనీ 1990ల తరువాత జరిగిన పరిశోధనలలో స్పష్టమైంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాప్లాన్ బృందం ఈ దిశలో చాలా కృషి చేసింది. వందల ఏళ్ళుగా రంగులవారు కాగులలో చేస్తున్న పని పట్టువైద్యానికి తొలిమెట్టు కావడం ఆసక్తికరమైన విషయం.

ఫైబ్రాయిన్‌కు ఉన్న సుగుణాలు దాని నిర్మాణం నుండే వచ్చాయి. గ్లైసిన్, అలనైన్ అనే చిన్న అమైనో ఆమ్లాలు పదేపదే వరుసగా వచ్చి, పొరపై పొరగా గట్టిగా ఒదిగిపోతాయి. అందువలన పోగు సన్నదైనా దృఢంగా ఉంటుంది, వంగుతుంది, తడిసినా తునగదు. శరీరంలోని ఎంజైములు దానిని నెమ్మదిగా కొరుకుతూ తిరిగి అమైనో ఆమ్లాలుగా మారుస్తాయి. శస్త్రచికిత్స గ్రంథాలు పట్టును కరగని దారాల జాబితాలో చేర్చినా, ఏడాది తిరిగేసరికి శరీరంలో దాని బిగువు చాలావరకు సడలుతుంది. నాడి విషయంలో కావలసినది కూడా అదే. తంతువు నడిచినంతకాలం తోవ నిలవాలి, అది గమ్యం చేరిన తరువాత అడ్డుగా మిగలకూడదు. కొద్ది వారాలలో కరిగే పదార్థం తంతువును నడిదారిలో వదిలేస్తుంది. ఎన్నటికీ కరగని సిలికోను గొట్టం పెరిగిన నాడిని ఒత్తి, తీయడానికి మరొక శస్త్రచికిత్స కావాలంటుంది. పట్టు ఈ రెండింటికీ నడిమి వస్తువు.

దీనిని వాడే విధానాలు రెండు. పోగులను పోగులుగానే ఉంచి గొట్టంలో పొడవునా సమాంతరంగా అమర్చడం మొదటిది. పోగు మందం మిల్లీమీటరులో వందోవంతు ఉంటుంది కనుక ష్వాన్ కణాలు దానిని కౌగిలించుకొని, దాని దిశలోనే సాగుతాయి. రెండవది, ఫైబ్రాయిన్‌ను లిథియం బ్రోమైడ్ అనే లవణపు గాఢద్రావణంలో కరిగించి, ఆ లవణాన్ని నీటితో తొలగించి, మిగిలిన మాంసకృత్తు ద్రావణంతో కోరిన ఆకారంలో గొట్టమో, పొరో, నురుగువంటి దిండో తయారుచేయడం. చాలా బృందాలు రెండింటినీ కలిపి, కరిగించిన పట్టుతో గొట్టమూ, కరిగించని పోగులతో లోపలి తోవా ఏర్పరుస్తున్నాయి.

చైనాలోని నాన్‌తోంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన ప్రయోగాన్ని ఈ చరిత్రలో మేలిమలుపుగా చెప్పవచ్చు. ఎలుక తొడలోని పెద్దనాడిలో ఒక సెంటీమీటరు భాగాన్ని తొలగించి, పట్టుగొట్టంలో పట్టుపోగులను ఉంచి ఆ ఖాళీలో అమర్చారు. ఆరునెలల తరువాత పరిశీలిస్తే నాడి ఆ అంతరాన్ని దాటి పెరిగింది. ఫలితం సొంతనాడిని అతికినదానికి చేరువగా ఉన్నది. ఇటువంటి ప్రయోగాలలో ఎలుక మళ్ళీ నడవగలుగుతున్నదా అని తెలుసుకోవడానికి దాని పాదాలకు రంగు పూసి కాగితంపై నడిపించి, అడుగుల గుర్తులను కొలుస్తారు. నాడి చచ్చిన పాదం వ్రేళ్ళను విప్పలేదు. కోలుకొన్న పాదం అచ్చు విశాలంగా పడుతుంది. భారతదేశంలో గువాహటి ఐ.ఐ.టి. పరిశోధకులు అస్సాం ప్రాంతపు పట్టుకు బంగారపు సూక్ష్మకణాలు చేర్చి గొట్టాలు చేసి ఎలుకలలో పరీక్షించారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. నాడిలో ప్రవహించేది విద్యుత్ సంకేతం కనుక విద్యుత్తును ప్రసరింపజేసే తోవ దానికి తోడ్పడుతుందన్నది వారి తలంపు.

పట్టుపురుగు పోగుకంటె సాలీడు పోగు గట్టిది. జర్మనీలోని హానోవర్ వైద్యవిద్యాలయంలో పెద్ద సాలీళ్ళ నుండి చేతితో దారం లాగి, జీవకణాలు తొలగించిన రక్తనాళంలో పొడవునా నింపి, గొర్రెకాలిలోని నాడికి అతికారు. అంతరం ఆరు సెంటీమీటర్లు. 2011లో ప్రకటించిన ఆ ప్రయోగంలో పదినెలలకు నాడి ఆ దూరమంతా దాటింది. ఇది అసామాన్య విజయం. అయితే సాలీళ్ళను పట్టుపురుగులవలె తట్టలలో పెంచడం సాధ్యం కాదు. ఒకచోట చేరిస్తే ఒకదానినొకటి తింటాయి. 2009లో మడగాస్కర్ సాలీళ్ళ దారంతో ఒక బంగారు వన్నె వస్త్రాన్ని నేయడానికి పదిలక్షలకు పైగా సాలీళ్ళను పట్టవలసి వచ్చింది. వేల ఏళ్ళుగా మనిషి చేతిలో మచ్చికై, ఎగిరే శక్తిని కూడా పోగొట్టుకొన్న పట్టుపురుగే ఈ కారణం చేత సులభసాధ్యమైన ఆధారంగా నిలిచింది.

ఆశను అదుపులో ఉంచవలసిన విషయాలు కూడా ఉన్నాయి. ఎలుక నాడి మనిషి నాడికంటె చురుకుగా పెరుగుతుంది. అది పెరగవలసిన దూరం కూడా చిన్నది. ఎలుకలో నెగ్గిన పద్ధతులలో అనేకం మనిషిదాకా రాలేదు. మానవులలో పట్టుగొట్టాల పరీక్షలు ఇప్పటికి కొద్దిమంది రోగులతో, వ్రేళ్ళలోని సన్నని నాడులలో స్వల్ప అంతరాలకు మాత్రమే జరిగాయి. ఇక మెదడు, వెన్నుపాముల సంగతి వేరు. అక్కడి తంతువులకు తెగినచోట తిరిగి పెరిగే గుణం అతిస్వల్పం. అందువలన చేతి నాడికి చెప్పిన మాటను వెన్నుపాముకు అన్వయించి రోగులకు ఆశ చూపడం అన్యాయం.

ఈ వైద్యం వలన పట్టురైతు ఆదాయం పెరుగుతుందా అన్న ప్రశ్న అనంతపురం నేలపై సహజంగానే తలెత్తుతుంది. ఒక నాడీగొట్టానికి కావలసిన పట్టు అత్యల్పం. ఒక్క చీరకు పట్టే దారంతో ఎన్నో గొట్టాలు చేయవచ్చు. కాబట్టి మగ్గంవలె ఇది గూళ్ళను పెద్దమొత్తంలో కొనే గిరాకీ కాబోదు. కాని ఒక వెసులుబాటు ఉన్నది. కరిగించి వాడే పట్టుకు తెగని దారం అవసరం లేదు. ఊజీ ఈగ పిల్ల తొలుచుకొని వచ్చిన గూడు, చిట్లిన గూడు దారం తీయడానికి పనికిరాక చవకగా అమ్ముడవుతాయి. కరిగించే పాత్రలో చిల్లుపడిన గూటికీ నిండు గూటికీ మాంసకృత్తులో భేదం లేదు. అయితే వైద్యానికి వాడే గూళ్ళు ఏ రైతు ఇంట, ఏ జాతి పురుగు, ఏ మందు చల్లని ఆకు తిని కట్టినవో తెలియాలి. ప్రతిసారీ ఒకే నాణ్యత ఉండాలి. అందరి గూళ్ళూ రాశిగా కలిసే చోట ఇది కుదరదు. రంగులవాని కాగుకూ వైద్యుని పాత్రకూ నడుమ అసలైన దూరం ఈ శుద్ధి, నమోదుల విషయంలోనే ఉన్నది.

గొట్టం ఏదైనా, కుట్టు ఏదైనా, తరువాతి కాలంలో రోగి చేయవలసిన పని చాలా ఉంటుంది. వ్రేళ్ళు బిగుసుకుపోకుండా రోజూ కదిలించాలి. స్పర్శలేని చేతిని నిప్పు నుండి, కత్తి నుండి కంటితోనే కాపాడుకోవాలి. నాడి పెరుగుతున్నదో లేదో నెలల తరబడి పైకి ఏమీ తెలియదు. దానికి ఒక సులువైన పరీక్షను 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎదురెదురు పక్షాల క్షతగాత్రులకు చికిత్స చేస్తున్న ఇద్దరు వైద్యులు, ఫ్రాన్సులో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్, విడివిడిగా ప్రకటించారు. నాడి సాగే దారి వెంట వైద్యుడు వ్రేలితో మెల్లగా తడతాడు. కొత్త తంతువుల కొసలు ఉన్నచోట తట్టగానే రోగికి వ్రేళ్ళలో చీమలు ప్రాకినట్లు జివ్వుమంటుంది. ఆ చోట చర్మంపై సిరాతో చుక్క పెడతారు. నాడి సరిగా పెరుగుతుంటే మరుసటి నెల అదే జివ్వు సుమారు మూడు సెంటీమీటర్లు ముందుకు జరిగి వినవస్తుంది.